ఇంజనీరింగ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీ చూడాలా? చూడాలి, ల్యాబ్ తాళం తీయించి మరీ

అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు వాణ్ని వెంటబెట్టుకుని కాలేజీలు తిరగాలా? వెబ్‌సైట్లో ఫొటోలు, కిందటేడు కటాఫ్‌లు చూసుకుంటే సరిపోదా?"

సరిపోదు. కటాఫ్ చూస్తే సీటు వస్తుందో రాదో తెలుస్తుంది, అంతే. అక్కడ చదువు చెబుతున్నారో లేదో తెలియాలంటే వెళ్లి చూడాల్సిందే. అదీ పిల్లల్ని తీసుకునే వెళ్లాలి, మీరొక్కరే వెళ్లి వస్తే లాభం లేదు.

మాది ఖమ్మం. నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి స్కూలు అయ్యాక షాపులోనే కూర్చుని హోంవర్క్ చేసుకునేది. కాయిళ్లు, వార్నిష్ వాసన, కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, వాటిని ట్రాక్టర్లో వేసుకొచ్చే రైతులు, ఇవన్నీ చూస్తూ పెరిగింది. ఇంటర్ అయ్యాక ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతానంది. చుట్టాలందరూ ఒకటే గోల, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వదిలి ఈఈఈ ఏంటని. సరే, ముందు కాలేజీలు చూద్దాం, తర్వాత మాట్లాడుకుందాం అని ఇద్దరం బస్సెక్కాం.

హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీకి వెళ్లాం. పేరు చెప్పను. గేటు దగ్గరే ఒకాయన ఎదురొచ్చి మంచినీళ్లు, కాఫీ ఇప్పించి, ఏసీ ఆడిటోరియం, జిమ్, కొత్త క్యాంటీన్ అన్నీ తిప్పి చూపించాడు. గోడ నిండా ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు, ఒక్కో ఫొటో కింద ఇన్ని లక్షల ప్యాకేజీ అని. మాతో పాటు ఇంకో కుటుంబం కూడా ఉంది. ఆయన ఆ అబ్బాయిని "ఏ బ్రాంచి అనుకుంటున్నావు బాబూ?" అని అడిగితే వాళ్ల నాన్న జవాబు చెప్పాడు. "హాస్టల్లో ఉంటావా, బస్సులో వస్తావా?" అంటే వాళ్లమ్మ చెప్పింది. పిల్లాడు ఫోను జేబులో పెట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. నాకు చాలా బాధేసింది. రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున అయిదింటికి లేపి, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెడతాం. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో కూడా వాళ్లే చెబుతారు. ఆ పిల్లలకి సొంతంగా ఒక విషయం చూసి, ఇది నాకు నచ్చింది, ఇది నచ్చలేదు అని చెప్పే అవకాశం మొదటిసారి వచ్చేది ఇక్కడే. ఇక్కడ కూడా మనమే మాట్లాడేస్తే ఎలా?

మా అమ్మాయి అడిగింది, "సార్, ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ చూడొచ్చా?" అని. సెలవులమ్మా, తాళం ఎవరి దగ్గర ఉందో అన్నాడాయన. "పర్లేదు సార్, కూర్చుంటాం" అంది. చాలాసేపటికి ఒక టెక్నీషియన్ వచ్చి తలుపు తీశాడు. టైల్స్ వేసిన నేల, వరసగా మెషీన్లు, అన్నీ ధగధగా మెరుస్తున్నాయి. తెలియనివాళ్లు చూస్తే ఎంత బాగా పెట్టారో అనుకుంటారు. మా అమ్మాయి ఒక డీసీ మోటారు దగ్గర కూర్చుని లోపలికి తొంగిచూసి, "నాన్నా, కమ్యూటేటర్ మీద బ్రష్ నడిచిన గీతే లేదు" అంది.

నేనూ వంగి చూశాను. కమ్యూటేటర్ అంటే డీసీ మోటారులో షాఫ్ట్‌తో పాటు తిరిగే రాగి భాగం. పని చేసే మోటారులో దాని మీద కార్బన్ బ్రష్‌లు రాసుకుని రాసుకుని, అవి తాకే మేర గోధుమ రంగు పొర పడుతుంది. అది కచ్చితంగా కనపడుతుంది, దాచినా దాగదు. ఇక్కడ రాగి కొత్త చెంబులా ఉంది. మోటారు మీద భారం వేసి చూసే లోడ్ టెస్ట్‌కి వాడే బ్రేక్ డ్రమ్ మీద బెల్టు ఒరుసుకున్న జాడ లేదు. బెల్టు లాగుడు కొలిచే స్ప్రింగ్ బ్యాలెన్సుల మీద పాలిథిన్ కవరు కూడా తియ్యలేదు. అమ్మాయి టెక్నీషియన్‌ని అడిగింది, "అన్నా, ఇవి ఎప్పుడు నడిపిస్తారు?" అతను గుమ్మం వైపు ఒకసారి చూసి, "కంప్యూటర్లో సిమ్యులేషన్ చేయిస్తారమ్మా, రికార్డు రాయిస్తారు" అన్నాడు. పాపం, అతని తప్పేముంది అందులో.

ఆ తర్వాత ఒక పాత కాలేజీకి వెళ్లాం. అక్కడ మమ్మల్ని పలకరించినవాళ్లు లేరు. కారిడార్లో సున్నం పెచ్చులూడుతోంది. ల్యాబ్ తలుపు తీసే ఉంది, ఎవరో పిల్లలు పని చేసుకుంటున్నారు. బ్రేక్ డ్రమ్ నల్లగా కమిలిపోయి ఉంది. దాని పక్కనే నీళ్ల బకెట్, మగ్గు. లోడ్ పెంచేకొద్దీ డ్రమ్ము కాలుతుంది, అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. ఆ బకెట్ అక్కడ ఉందంటేనే టెస్టు నిజంగా జరుగుతోందని అర్థం. బోర్డు కింద నేల మీద కాలిన ఫ్యూజ్ వైరు ముక్కలు. కరెంటు పెంచి తగ్గించే రియోస్టాట్‌ని జరిపే పిడికి రంగే పోయింది. మా అమ్మాయి దగ్గరికి వెళ్లబోతే ల్యాబ్‌లో ఉన్న పెద్దాయన గట్టిగా అరిచాడు: "అమ్మాయ్! ఆ చున్నీ ముడేసుకో. తిరిగే షాఫ్ట్ దగ్గరికి అలా వస్తారా ఎవరైనా?" దాని మొహం వెలిగిపోయింది. బస్సు ఎక్కాక, "నాన్నా, ఇదే ఫస్ట్ ఆప్షన్" అంది. ఎందుకని అడిగితే, "ఆయన నన్ను తిట్టాడు కదా" అంది. నాకు ఇంకేం అడగాలనిపించలేదు.

సెకండ్‌హ్యాండ్ మోటారు కొనేటప్పుడు పైన పెయింట్ చూడం, షాఫ్ట్ చేత్తో తిప్పి బేరింగ్ చప్పుడు వింటాం. కాలేజీనీ అలాగే చూడాలి. వాడిన వస్తువు అరిగి ఉంటుంది. అరిగినవి ఎక్కడున్నాయో వెతకండి. లైబ్రరీలో పుస్తకాల మూలలు నలిగాయా చూడండి. సివిల్ అయితే సర్వే పరికరాల స్టాండు కాళ్లకి మట్టి ఉందా చూడండి. సీఎస్‌ఈ అయితే ల్యాబ్‌లో కీబోర్డు మీద అక్షరాలు చెరిగాయా చూడండి. బిల్డింగు చూసి మురిసిపోవాలంటే 1939లో తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందుకెళ్లి నిలబడితే చాలు. అద్దాల బిల్డింగు చూసి నాలుగేళ్ల ఫీజు కట్టనక్కర్లేదు.

ఇంకో సంగతి. గేటు మీద న్యాక్, ఎన్‌బీఏ అని పెద్దక్షరాలతో రాస్తారు. రెండూ చదువు నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులే. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది. ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తుంది. మీ వాడు చేరే బ్రాంచికి ఉందా, గడువు ఎప్పటి దాకా ఉందో అడగండి. ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ లెక్కన 20 మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు ఉండాలి. 60 సీట్ల బ్రాంచి అంటే నాలుగేళ్లకి 240 మంది, అంటే 12 మంది ఉండాలి. డిపార్ట్‌మెంట్లో ఎంతమంది కనిపించారో మీరే లెక్కపెట్టుకోండి. సర్టిఫికెట్ల గురించి కూడా ముందే అడగండి. ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పినా, మా వీధిలో ఒక అబ్బాయివి ఫీజు బాకీ అని నెలల తరబడి ఇవ్వలేదు.

సీఎస్‌ఈ పిచ్చి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకి బ్రాంచి సీట్ల మీద ఉన్న పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. అప్పటి నుంచి ఈఈఈ, సివిల్, మెకానికల్ తగ్గించుకుని సీఎస్‌ఈ పెంచుకోవాలని చాలా కాలేజీలు చూస్తున్నాయి. మా పక్కనే మణుగూరులో భద్రాద్రి ప్లాంటు 1080 మెగావాట్లు. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటు 4000 మెగావాట్లు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు, ఊరూరా బోర్లే. ఎలక్ట్రిక్ స్కూటర్లు మా గల్లీలోనే లెక్కలేనన్ని. వీటన్నిటినీ చూసుకునేది ఎవరు? మెషీన్ దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టగల ఇంజనీరుకి పని లేకుండా పోతుందంటే నేను నమ్మను.

మీరు వెళ్లేటప్పుడు ఆదివారం వెళ్లకండి, క్లాసులు నడిచే రోజు వెళ్లండి. కన్సల్టెన్సీవాళ్లు ఫోన్ చేసి కారు పంపిస్తామంటారు, ఎక్కకండి, వాళ్లు చూపించేది మేనేజ్‌మెంట్ సీటు అమ్ముడుపోవాల్సిన చోటే. ఆర్టీసీ బస్సులో వెళ్తే మీ అబ్బాయి రోజూ ఎంత దూరం ప్రయాణం చెయ్యాలో కూడా తెలుస్తుంది. గేటు బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ పిల్లలు ఉంటారు, వాళ్లతో మీ అబ్బాయినే మాట్లాడనివ్వండి, మీరు కాస్త దూరంగా నిలబడండి. ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు కానీ వరస ముఖ్యం. మీ ర్యాంకుకి ఆ వరసలో పైన ఏది దొరికితే అదే ఇస్తారు. ఆ వరస మీ అబ్బాయి చేతే రాయించండి, ఫ్రీజ్ చేసేటప్పుడు కూడా వాడే పక్కన ఉండాలి.