విదేశీ టెలికాం షేర్లు కొనొచ్చు, మార్జిన్ మీద మాత్రం కుదరదు

ప్రశ్న: నేను ఉద్యోగిని. మార్కెట్లు ఒడుదొడుకుల్లో ఉండటంతో కొన్ని విదేశీ టెలికాం కంపెనీల షేర్లు బాగా దిగొచ్చాయి. డివిడెండ్ కూడా మంచిగా కనిపిస్తోంది. దాచుకున్న 15 లక్షల రూపాయలు వాటిలో పెడదామనుకుంటున్నాను. అందులో సగం గృహిణి అయిన నా భార్య పేరిట పంపితే టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదంటున్నారు. కట్టిన డబ్బుకు అయిదు రెట్ల విలువైన షేర్లు కొనుక్కోవచ్చని ఒక యాప్ వాళ్లు చెబుతున్నారు. అమ్మేదాకా రిటర్న్‌లో చూపించే పని లేదని మిత్రుడి మాట. వీటిలో చట్టపరమైన చిక్కులేమైనా ఉన్నాయా? రేపు ఆ కంపెనీని ఎక్స్ఛేంజీ నుంచి తీసేస్తే మా డబ్బు ఏమవుతుంది?

జవాబు: షేర్లు కొనడం చట్టబద్ధమే. భార్య పేరిట పంపడమూ తప్పు కాదు, కానీ దానివల్ల మీరనుకున్నంత మేలు జరగదు. అయిదు రెట్ల మార్జిన్, అంటే కొంత సొమ్ము మాత్రమే కట్టి అంతకు ఎన్నో రెట్ల విలువకు కొనడం మాత్రం విదేశీ మారక ద్రవ్య చట్టమైన ఫెమాకు విరుద్ధం. మీ మిత్రుడు చెప్పినది వింటే ఏకంగా నల్లధనం చట్టం దాకా వెళ్తారు. కాబట్టి డబ్బు పంపకముందే ఇవన్నీ తేల్చుకోండి.

భారత్‌లో నివసించే ఏ వ్యక్తి అయినా ఆర్‌బీఐ లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్, అంటే ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. చదువుకు, ప్రయాణానికి, బంధువులకు పంపిన సొమ్ము కూడా ఇదే పరిమితిలోకి వస్తుంది. 2022 ఆగస్టు 22న అమల్లోకి వచ్చిన విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం, లిస్టయిన విదేశీ కంపెనీలో యాజమాన్యం మీద అదుపు లేకుండా 10 శాతంలోపు వాటా కొంటే అది పోర్ట్‌ఫోలియో పెట్టుబడి. మీరు చేయబోయేది అదే. ముందస్తు అనుమతి అక్కర్లేదు. పాన్ ఉండాలి, బ్యాంకులో ఫారం ఏ2 ఇవ్వాలి.

ఆ ఫారంలో చాలామంది పట్టించుకోని గడి ఒకటుంది, పర్పస్ కోడ్. విదేశీ ఈక్విటీ షేర్లలో పోర్ట్‌ఫోలియో పెట్టుబడికి ఎస్0001 ఎంచుకోవాలి. బ్యాంకు యాప్‌లో తొందరపడి ‘కుటుంబ పోషణ’ అన్నదాని మీద నొక్కితే, డబ్బేమో బ్రోకర్ ఖాతాకు చేరుతుంది, ఆర్‌బీఐకి వెళ్లే లెక్కలో మాత్రం బంధువుకు పంపినట్టు ఉంటుంది. పొరపాటున తప్పు కోడ్ పడితే ఊరుకోకండి. వెంటనే బ్యాంకుకు రాసి సరిచేయించి, ఆ జవాబు దాచుకోండి.

ఇక మార్జిన్ సంగతి. విదేశీ ఎక్స్ఛేంజీలకు గానీ అక్కడి బ్రోకర్లకు గానీ మార్జిన్ సొమ్ము, ధర పడ్డప్పుడు బ్రోకర్ అదనంగా అడిగే మార్జిన్ కాల్ సొమ్ము పంపడానికి ఎల్‌ఆర్‌ఎస్ ఒప్పుకోదు. ఫ్యూచర్స్, ఆప్షన్ల వంటి డెరివేటివ్స్ కూడా, ఆర్‌బీఐ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, పోర్ట్‌ఫోలియో పెట్టుబడి కిందికి రావు. అయిదు రెట్లు అంటున్న యాప్‌లలో చాలావరకు మీకు షేరే ఇవ్వరు. షేరు ధర మీద పందెంలాంటి సీఎఫ్‌డీ అనే ఒప్పందం ఇస్తారు. ఆ షేరు మీ పేరిటా ఉండదు, మీ కోసం కస్టోడియన్ (షేర్లను భద్రపరిచే సంస్థ) దగ్గరా ఉండదు. లెక్క చూడండి: మీరు కట్టింది 2 లక్షలు, కొన్నది 10 లక్షల విలువకు. ధర 20 శాతం పడితే మీ 2 లక్షలూ పోతాయి. అంతకంటే ముందే బ్రోకర్ మిమ్మల్ని అడగకుండా అమ్మేస్తాడు, ఆ హక్కు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఫలితాలు బాగాలేని రోజున గానీ డివిడెండ్ కోసిన రోజున గానీ టెలికాం షేరు ఒక్క పూటలో 10 శాతానికి పైగా పడటం అరుదేమీ కాదు. డబ్బు పోయాక ఫిర్యాదు చేద్దామంటే, ముందు మీరే ఫెమా ఉల్లంఘించినట్టు ఒప్పుకోవాల్సి వస్తుంది. ఉల్లంఘన సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది. ఆర్‌బీఐ అనధికార ఫారెక్స్ వేదికల జాబితాను తన వెబ్‌సైట్‌లో పెట్టింది, ఆ యాప్ పేరు అందులో ఉందేమో చూడండి. పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. బ్యాంకు అప్పు తెచ్చి ఈ పెట్టుబడి పెడదామన్న ఆలోచన కూడా వద్దు, ఇలాంటి రెమిటెన్స్‌ల కోసం బ్యాంకులు రుణం ఇవ్వకూడదని నిబంధన.

టీసీఎస్ 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీదే పడుతోంది. పెట్టుబడికి రేటు 20 శాతం. 15 లక్షలూ మీరే పంపితే 5 లక్షల మీద లక్ష రూపాయలు అదనంగా కట్టాలి, ఖాతాలో 16 లక్షలు ఉండాలి. ఈ లక్ష ఎక్కడికీ పోదు. మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక అయిన ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందొచ్చు. ఉద్యోగులైతే యాజమాన్యానికి ఈ వివరాలిచ్చి, జీతంలో కోసే టీడీఎస్ తగ్గించమని అడగొచ్చు. రెండు బ్యాంకుల ద్వారా విడివిడిగా పంపినా 10 లక్షల పరిమితి ఒక పాన్‌కు ఒక్కటే.

భార్య పేరిట ఏడున్నర లక్షలు పంపితే టీసీఎస్ తప్పే మాట నిజమే. అయితే ఆమె సొంత పాన్‌తో, సొంత బ్యాంకు ఖాతా నుంచి, సొంత బ్రోకర్ ఖాతాకు పంపాలి. మీ ఖాతాలో కొనడానికి ఆమె పరిమితిని వాడుకోవడం కుదరదు, పెట్టుబడిలో సహ యజమాని కాని కుటుంబ సభ్యుల పరిమితులను కలపరాదు. మీరు ఆమెకిచ్చిన సొమ్ము బహుమతి కాబట్టి, దాని మీద వచ్చే డివిడెండ్, లాభం మీ ఆదాయంలోనే కలుస్తాయి. అంటే పన్ను కట్టాల్సింది మీరే. పైగా ఇప్పటిదాకా రిటర్న్ వేయని ఆవిడ, విదేశీ ఆస్తి ఉన్నందుకు ఆదాయం సున్నా అయినా ఏటా రిటర్న్ వేసి తీరాలి. విదేశంలో కోసిన పన్ను ఆమె పేరిట, ఆదాయం మీ పేరిట ఉండటంతో దాన్ని ఇక్కడి పన్నులో తగ్గించమని (క్రెడిట్) అడిగేటప్పుడు వివరణలు ఇచ్చుకోవాలి. వాపసొచ్చే లక్ష రూపాయల కోసం ఇంత తలనొప్పి పెట్టుకోవడం నా దృష్టిలో అనవసరం. 10 లక్షలు ఇప్పుడు, మిగతా 5 లక్షలు ఏప్రిల్ దాటాక మీరే పంపితే అసలు టీసీఎస్ ప్రసక్తే రాదు. ధరలు ఊగుతున్నప్పుడు విడతలుగా కొనడం ఎలాగూ మంచిదే.

మిత్రుడి మాట దగ్గరికి వద్దాం. ఒక్క షేరు ఉన్నా, లాభం రాకపోయినా, ఏడాది మధ్యలో కొని మధ్యలోనే అమ్మేసినా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అందుకని ఐటీఆర్-1 పనికిరాదు, జీతం ఉన్నవారు ఐటీఆర్-2 వేయాలి. ఇక్కడ తేదీల మెలిక ఒకటుంది. షెడ్యూల్ ఎఫ్‌ఏ జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క, ఆదాయం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. 2025-26 రిటర్న్‌లో 2025 డిసెంబరు 31 వరకు మీ దగ్గరున్న షేర్లు చూపిస్తారు. 2026 ఫిబ్రవరిలో కొన్న షేరు ఆ షెడ్యూల్‌లోకి రాదు, కానీ దాని మీద మార్చిలో వచ్చిన డివిడెండ్ ఆదాయంలోకి వస్తుంది. ప్రతి కంపెనీకీ కొన్న విలువ, ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబరు 31 నాటి విలువ, వచ్చిన డివిడెండ్, అమ్మితే వచ్చిన సొమ్ము రూపాయల్లో రాయాలి. ఒడుదొడుకుల ఏడాదిలో గరిష్ఠ విలువ పట్టుకోవడమే కష్టం, కాబట్టి బ్రోకర్ స్టేట్‌మెంట్ నెలనెలా దించి పెట్టుకోండి.

చూపించకపోతే నల్లధనం చట్టం, 2015 కింద ఏడాదికి 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు 1 నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షలు దాటనివారికి ఈ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు జరిమానాకే, చూపించే బాధ్యతకు కాదు. మీది 15 లక్షలు. ధర పెరిగి, డాలర్ కూడా పెరిగితే 20 లక్షలు దాటడానికి ఎంతో దూరం లేదు. దాచినా దాగదు, విదేశీ ఖాతాల వివరాలు దేశాల మధ్య ఒప్పందాల ద్వారా మన ఆదాయపు పన్ను శాఖకు అందుతున్నాయి.

పన్ను లెక్కలో విదేశీ షేరును ఇక్కడి లిస్టెడ్ షేరులా చూడరు. 24 నెలలు దాటి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం, లోపు అమ్మితే మీ శ్లాబు రేటు. లెక్క రూపాయల్లో వేస్తారు కాబట్టి డాలర్లలో లాభం లేకపోయినా పన్ను పడొచ్చు. 25 డాలర్ల చొప్పున 200 షేర్లు, డాలర్ 82 రూపాయలున్నప్పుడు కొన్నారనుకోండి, పెట్టింది 4,10,000. మళ్లీ అదే 25 డాలర్లకు అమ్మారు, లెక్కలోకి తీసుకునే మారకం రేటు 88 రూపాయలు. వచ్చింది 4,40,000. 30,000 లాభం కింద లెక్క. అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజున ఉన్న ఎస్‌బీఐ టీటీ బైయింగ్ రేటును (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోవాలి. నష్టం వస్తే గడువులోపు రిటర్న్ వేసి 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది.

టెలికాం షేర్లలో డివిడెండే ప్రధానం కాబట్టి ఇక్కడ ఇంకాస్త జాగ్రత్త అవసరం. అమెరికా కంపెనీ 100 డాలర్లు ప్రకటిస్తే, మీరు డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికా పన్ను నివాసి కాదని బ్రోకర్‌కు ఇచ్చేది) ఇచ్చి ఉంటే భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం 25 డాలర్లు కోసి 75 ఇస్తారు. రిటర్న్‌లో 75 కాదు, 100 చూపి, విదేశీ పన్నుకు క్రెడిట్ కోరే ఫారం 67 దాఖలు చేసి 25కు క్రెడిట్ తీసుకోవాలి. డబ్ల్యూ-8బెన్ సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరితో ముగుస్తుంది. కొత్తది ఇవ్వకపోతే 30 కోస్తారు, ఆ అదనపు 5కి ఇక్కడ క్రెడిట్ రాదు. అధిక డివిడెండ్ నిలుస్తుందన్న హామీ చట్టంలో ఎక్కడా లేదు. వొడాఫోన్ 2019లో డివిడెండ్ కోసింది, తర్వాత మళ్లీ సగానికి తగ్గించింది. ఏటీ అండ్ టీ 2022లో తన మీడియా వ్యాపారమైన వార్నర్‌మీడియాను విడదీసినప్పుడు దాదాపు సగం కోసింది. అలా విడదీసినప్పుడు మీ ఖాతాలో పడే కొత్త కంపెనీ షేర్లకు, ఇక్కడి కంపెనీల విభజనకున్న మినహాయింపు వర్తిస్తుందా అన్నది వివాదాస్పదం. అలాంటివి పడ్డ ఏడాది ఆడిటర్‌ను అడగకుండా రిటర్న్ వేయొద్దు.

ఎక్స్ఛేంజీ నుంచి తీసేయడం టెలికాంలో ఊహ కాదు, జరిగిన సంగతి. 2020 నవంబరులో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు తర్వాత చైనా మొబైల్, చైనా టెలికాం, చైనా యూనికామ్‌ల ఏడీఆర్‌ల (విదేశీ షేర్లకు బదులుగా అమెరికాలో చేతులు మారే రసీదుల) ట్రేడింగ్‌ను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2021 జనవరి 11న ఆపింది. అంతకు ముందు పది రోజుల్లో తీసేస్తామని, లేదని, మళ్లీ తీసేస్తామని మాట మార్చడంతో ధరలు అల్లల్లాడాయి. ఆ కంపెనీలు మునగలేదు, హాంకాంగ్‌లో వాటి షేర్ల ట్రేడింగ్ సాగింది. ఏడీఆర్‌ను హాంకాంగ్ షేరుగా మార్చుకోవడానికి వీల్లేని బ్రోకర్ దగ్గర ఉన్నవారే ఇరుక్కున్నారు. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా కంపెనీ మొబైల్ టెలిసిస్టమ్స్ ఏడీఆర్‌ల ట్రేడింగూ అక్కడ ఆగిపోయింది. కాబట్టి ప్రభుత్వ వాటా ఉన్న, ఆంక్షల నీడలో ఉన్న దేశపు కంపెనీ అయితే, ఏడీఆర్‌ను అసలు షేరుగా మార్చే ఏర్పాటు ఉందా, రుసుము ఎంత అన్నది బ్రోకర్‌ను రాతపూర్వకంగా అడిగాకే కొనండి.

దివాలా తీస్తే దారి వేరు. అప్పులిచ్చినవారికి తీరాకే షేర్‌హోల్డర్ వంతు, అప్పటికి సాధారణంగా ఏమీ మిగలదు. 2020 ఏప్రిల్‌లో చాప్టర్ 11 (అమెరికా దివాలా చట్టంలో అప్పులను పునర్వ్యవస్థీకరించే విధానం) దాఖలు చేసిన ఫ్రాంటియర్ కమ్యూనికేషన్స్ 2021లో బయటపడింది, కానీ పాత షేర్లు రద్దయ్యాయి. చాప్టర్ 11లో ఉండగా పైసల ధరకు దొరుకుతోందని కొనడం పెట్టుబడి కాదు. అమెరికా బ్రోకర్ మునిగితే అక్కడి బ్రోకర్ల ఖాతాదారులను కాపాడే సంస్థ ఎస్‌ఐపీసీ రక్షణ 5,00,000 డాలర్ల దాకా ఉంటుంది, అందులో నగదుకు 2,50,000. ధర పడిపోతే దానికి సంబంధం లేదు. షేరు ధర గురించి సెబీకి ఫిర్యాదు చేసినా విదేశీ షేరు దాని పరిధిలోకి రాదు. మీరు వాడిన భారతీయ యాప్ సేవలో లోపం ఉంటే దాని మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

భయంతో అమ్మేసి, డబ్బు బ్రోకర్ వాలెట్‌లో ఉంచేసేవారు 180 రోజుల గడువు మరవకూడదు. ఆలోగా మళ్లీ పెట్టుబడి పెట్టాలి, లేదంటే భారత్‌కు తెప్పించుకోవాలి. చిన్న మొత్తమేనని వదిలేసినా అది ఉల్లంఘనే.

మీరు అడగకపోయినా చెప్పాల్సినది ఒకటుంది. అమెరికా కంపెనీల షేర్లు 60,000 డాలర్లు దాటి ఉండగా యజమాని మరణిస్తే, అమెరికా పౌరుడు గానీ నివాసి గానీ కాకపోయినా అక్కడ ఎస్టేట్ పన్ను పడుతుంది, గరిష్ఠంగా 40 శాతం. మీ పెట్టుబడి ఇప్పుడు ఆ పరిమితికి చాలా తక్కువలో ఉంది, పెంచుకుంటూ పోతే మాత్రం గుర్తుంచుకోండి. అక్కడి ఖాతాలకు చాలాచోట్ల మన నామినీ పద్ధతి ఉండదు. బ్రోకర్ పేరు, ఖాతా నంబరు, రిజిస్టరైన ఈమెయిల్ వీలునామాలో రాసి, ఆ షేర్లు ఎవరికి చెందాలో స్పష్టంగా చెప్పండి. పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అయి అమ్మేయమని ఇంట్లో వారికి చెప్పడం పరిష్కారం కాదు. మరణానంతరం అలా అమ్మడం బ్రోకర్ ఒప్పందానికి విరుద్ధం, తెలిస్తే ఖాతా స్తంభింపజేస్తారు.