కంపెనీ మునుగుతోందని పాలసీ సరెండర్ చేయాలా?

ప్రశ్న: మాది పరకాల. ఏటా డిసెంబర్‌లో ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మగా వచ్చిన డబ్బుతో ఒక ప్రైవేటు జీవిత బీమా కంపెనీకి రూ.36,000 కడుతున్నాను. 20 ఏళ్ల ఎండోమెంట్ (గడువు తీరినా, మధ్యలో మరణించినా డబ్బు వచ్చే పాలసీ), బీమా మొత్తం రూ.6 లక్షలు. 7 ప్రీమియంలు కట్టాను. కంపెనీ మునిగిపోతోంది, సరెండర్ చేసి (గడువుకు ముందే పాలసీ వదులుకుని వచ్చినంత డబ్బు తీసుకుని) వేరే పాలసీ తీసుకొమ్మని ఏజెంటు అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఏజెంటు మాట మీద సరెండర్ ఫారంపై సంతకం పెట్టకండి. మీరు కట్టింది రూ.2,52,000. నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య సరెండర్ చేస్తే దక్కే కనీస హామీ విలువ అందులో 50 శాతం, అంటే రూ.1,26,000. కంపెనీ తన లెక్కన ఇచ్చే ప్రత్యేక సరెండర్ విలువ ఇంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, ఎంతో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. కొత్త పాలసీ తీసుకుంటే ఏజెంటుకు మొదటి ఏడాది కమీషన్ వస్తుంది, మీకు వయసు పెరిగిన లెక్కన ప్రీమియం పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మూడేళ్లు నిండిన పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. కొత్త పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తాయి.

కంపెనీ బలం తెలియాలంటే సాల్వెన్సీ నిష్పత్తి చూడాలి. కట్టాల్సిన బాధ్యతలు పోగా మిగిలిన ఆస్తి, చట్టం అడిగే కనీస మార్జిన్‌కు ఎన్ని రెట్లు ఉందో అది చెబుతుంది. 1.50కి తగ్గకూడదు. కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ కింద ఎల్-32 ఫారంలో మూడు నెలలకోసారి పెడతారు. ఒక్క అంకె చూసి ఊరుకోకండి, నాలుగైదు త్రైమాసికాలు వరుసగా చూస్తేనే దిగజారుతోందో లేదో తెలుస్తుంది.

1.50 కంటే తగ్గితే దివాలా తీసినట్టు కాదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ దిద్దుబాటు ప్రణాళిక అడుగుతుంది, అవసరమైతే కొత్త పాలసీల అమ్మకం ఆపిస్తుంది. పాలసీదారులకు హాని జరుగుతోందనిపిస్తే జీవిత బీమా కంపెనీకి 52ఏ సెక్షన్ కింద అడ్మినిస్ట్రేటర్‌ను పెడుతుంది. 2017 జూన్‌లో సహారా లైఫ్‌కు అలాగే పెట్టింది. 2023 జూన్‌లో ఆ కంపెనీ పాలసీలు సుమారు 2 లక్షలను ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించమని ఆదేశించగా, అప్పిలేట్ ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. అంటే పాలసీలు గాల్లో కలిసిపోవు గానీ, వ్యవహారం ఏళ్ల తరబడి సాగొచ్చు. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న రూ.5 లక్షల బీమా లాంటిది ప్రైవేటు బీమా పాలసీకి లేదు. ఎల్ఐసీ పాలసీలకైతే ప్రభుత్వ హామీ ఉంది.

నిష్పత్తి బాగుంటే డిసెంబర్ ప్రీమియం కట్టేయండి. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, పత్తి డబ్బు కాస్త ఆలస్యమైనా ఆలోపు చూసుకోండి. నిష్పత్తి పడిపోతూనే ఉంటే పెయిడప్‌గా (ఇక ప్రీమియం కట్టకుండా, తగ్గిన బీమా మొత్తంతో పాలసీ కొనసాగేలా) మార్చమని అడగండి. 7/20 లెక్కన బీమా మొత్తం రూ.2,10,000కు తగ్గుతుంది, అప్పటిదాకా జమైన బోనస్ అదనం. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి, ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకోండి. నామినీ, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా సరిచేయించుకోండి. పాలసీలు వేరే కంపెనీకి మారేటప్పుడు చెల్లింపులు తరచూ ఇక్కడే ఆగిపోతాయి.

తప్పుడు మాటలతో సరెండర్ చేయించే ప్రయత్నంపై ముందు కంపెనీకి రాయండి, ఆపై ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబరు 155255కు ఫోన్ చేయండి. కంపెనీతో మీ వివాదం నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.