నువ్వు కుట్టుకున్నది నలుగురిలో తొడుక్కో బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నువ్వు పంపిన టాపు ఫొటో చూశాను. కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్‌లో పెద్దది చేసి, మెడపట్టీ నుంచి కింది మడత దాకా చూశాను. ఎడమ భుజం దగ్గర కాస్త ముడత పడింది. కుడి చెయ్యి అర అంగుళం పొడుగొచ్చింది. మిగతాదంతా మంచిగా కుదిరింది. మూడు నెలల కింద మిషన్‌కు దారం ఎక్కించడం రాని పిల్లవు, ఇప్పుడు గుండ్రటి మెడకు పట్టీ వేశావంటే నాకెంత సంతోషమైందో చెప్పలేను.

కింద నువ్వు రాసిన మాటలు చదివాక మాత్రం మనసు చివుక్కుమంది. ఆఫీసుకు వేసుకెళ్తే ఇంట్లో కుట్టిందని తెలిసిపోతుందేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. కోలాటం చీర ప్రోగ్రాం అయిపోగానే బీరువాలో పెట్టేశానన్నావు. పరుగు పందాల్లో వచ్చిన టీషర్టులు మీ అమ్మ ఇల్లు తుడవడానికి తీస్తానంటోందని కూడా రాశావు. ఫోన్‌లో మాట్లాడితే మాటల్లో పడి సగం మర్చిపోతాం. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు మీ తాత, అంటే మా నాన్న, నేసిన చీర సంగతి చెప్పాలి. నీకెవరూ చెప్పి ఉండరు.

1981లో నా పెళ్ళికి మీ తాత తన గుంట మగ్గం మీద తనే ఒక పట్టుచీర నేశాడు. ముదురెరుపు మీద తెల్ల చిలుకలు. ఇప్పుడందరూ ఇక్కత్ అంటున్న పనిని మనింట్లో చిటికి అనేవాళ్ళు. అది నేసిన గుడ్డ మీద అద్దే అచ్చు కాదు. నేయకముందే పోగుల మీద గుర్తులు గీసి, రంగు అంటకూడని చోట పాత సైకిల్ ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరాక ఆ కట్లు విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. నేసేటప్పుడు ఆ పోగులు పక్కపక్కన సరిగ్గా పడితేనే చిలుక చిలుకలా కనిపిస్తుంది. ఇదంతా మొదలవ్వాలంటే ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారం చుట్టాలి. ఆ పని మీ అమ్మమ్మది. ఒక్క చీరకు సరిపడా దారం ఆసు మీదికి ఎక్కించాలంటే చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడుతున్న ఇదే బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిన రోజు నేను టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. నా పెళ్ళినాటికి ఆ యంత్రం లేదు. నా చీరకు నడిచిందంతా మా అమ్మ భుజమే.

అలాంటి చీరను పెళ్ళిరోజు కట్టుకుని, పాడైపోతుందని ట్రంకుపెట్టెలో పెట్టాను. బతుకమ్మకు తీద్దామనుకునేదాన్ని, వానొస్తుందని మానేసేదాన్ని. ఎవరి పెళ్ళికైనా కట్టుకుందామనుకుంటే మరకలు పడతాయని భయం. 2003లో ఇంట్లో ఒక శుభకార్యానికి తీసి విప్పితే మడత మడతకూ గీత గీసినట్టు చిరిగిపోయింది. పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే అలాగే తెగిపోతుంది. అప్పటికి మీ తాత లేడు. అమ్మ ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని, "కట్టుకుని కట్టుకుని చిరిగినా బాగుండు బిడ్డా" అంది. అంతే అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నీకు కోలాటం చీర బీరువాలో పెట్టొద్దని చెప్పడానికి నాకున్న హక్కు అదే.

ఇక నీ టాపు. కుడి చేతి కింది మడత విప్పి అర అంగుళం లోపలికి మడిచి హెమ్మింగ్ చెయ్యి, పది నిమిషాల పని. భుజం ముడత మాత్రం ఊరికే పోదు. చంక దగ్గర మూడు అంగుళాల కుట్టు విప్పి మళ్ళీ వెయ్యాలి. సోమవారం మీటింగులున్న రోజు కాకుండా మామూలు రోజు చూసుకుని, మామూలు ప్యాంటు మీద వేసుకో. ఒంటి మీద ఒక్కటే చేత్తో చేసింది ఉంటే చూసేవాళ్ళ కళ్ళు దాని మీదికే పోతాయి, నీకూ సర్దుకోవడానికి వీలవుతుంది. ఎవరైనా "ఎక్కడ కొన్నావు" అంటే "నేనే కుట్టుకున్నా, కొయ్యలగూడెం చేనేత గుడ్డ" అని చెప్పు. "ఇంకా సరిగ్గా రాలేదు" అని వెనక తగిలించకు. ఆ అర అంగుళం తేడా నీకు తప్ప ఎవరికీ కనిపించదు. నేను బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ నా రవికలు నేనే కుట్టుకుని వెళ్ళాను. వంకర ఉందని ఒక్కరూ అనలేదు. పైగా ఇద్దరు ఆడపిల్లలు శనివారం సాయంత్రాలు మా ఇంటికొచ్చి కాజాలు కుట్టడం నేర్చుకుని పోయారు.

తర్వాత కుట్టబోయేదానికి కొన్ని సంగతులు గుర్తుపెట్టుకో. చేనేత గుడ్డ కొన్నాక వెంటనే కత్తెర పట్టకు. నేసేముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టిస్తారు, కొత్త గుడ్డ గరగరలాడేది అందుకే. ఒక రాత్రి చల్లటి నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కొలువు. కుంచించుకునేదంతా కుట్టకముందే కుంచించుకుంటుంది. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని అందరూ చెప్తారు, నేనూ చాలా ఏళ్ళు వేశాను. వదిలే రంగు ఉప్పుతో ఆగదు. మొదటి మూడు నాలుగు ఉతుకులు విడిగా, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకడమే మార్గం.

ఇక్కత్‌కైతే లెక్కకు వచ్చినదానికంటే అర మీటరు ఎక్కువ తీసుకో. చేత్తో కట్టిన పువ్వు ప్రతిసారీ సమాన దూరంలో పడదు. ఎదురు భాగం మధ్య గీతకు పువ్వు కుదుర్చుకున్నాకే చేతులూ వీపూ చూసుకో. పోచంపల్లి పేరుతో మిల్లు ప్రింటు అంటగట్టేవాళ్ళుంటారు. గుడ్డ తిప్పి చూడు. నిజమైన ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. గుడ్డ అంచు పొడుగునా సన్నటి ముళ్ళ గుర్తులు కనిపించినా సంతోషించు, నేసేటప్పుడు వెడల్పు తగ్గకుండా పట్టుకునే కర్ర ముళ్ళవి. చేనేత గుడ్డ కత్తిరించగానే పోగులు జారుతాయి. అంచు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేకపోతే కుట్టు వేశాక అంచును లోపలికి మడిచి ఇంకో కుట్టు వేసెయ్యి. పక్కకుట్ల లోపల అంగుళం మార్జిన్ వదులు. రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు. ఒళ్ళు మారిందని మంచి బట్ట మూల పడెయ్యొద్దు.

కోలాటం చీర గురించి రాశావు కదా, దానికి కొంచెం ఎక్కువ చెప్తాను. ఎందుకంటే అందులో మేం దెబ్బ తిన్నాం.

రిటైరయ్యాక మా వాడలో పదహారు మందిమి కోలాటం మొదలుపెట్టాం. మొదటి యూనిఫాం ఒక దుకాణంలో హోల్‌సేల్‌గా తీసుకున్న పాలిస్టర్ చీరలు. మెరుస్తున్నాయని అందరం ముచ్చటపడ్డాం. శ్రీరామనవమి రోజు పగలు పదకొండుకు మొదలుపెడితే మూడో పాటకే చీరలు ఒంటికి అతుక్కుపోయాయి. చెమటకు రవికల రంగు వదిలి చంకలు నీలమయ్యాయి. కుచ్చిళ్ళు జారి ఒకామె ఆట మధ్యలో ఆగిపోయి పక్కకు వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత ఆమె రెండు నెలలు రాలేదు. ఆమె బాధ చూశాక మళ్ళీ యూనిఫాం పని నేను నెత్తిన వేసుకున్నాను.

రెండోసారి నారాయణపేట నూలు చీరలు తీసుకున్నాం. చిన్న గళ్ళు, కింద ఎర్రంచు మీద గుడి గోపురాల వరుస. నూలు కాబట్టి చెమట పీల్చుకుంటుంది, కుచ్చిళ్ళు నిలబడతాయి, గుండ్రంగా తిరిగేటప్పుడు ఆ ఎర్రంచు పదహారు మందిదీ కలిసి దూరానికి ఒకే గీతలా కనిపిస్తుంది. గద్వాల చీరలు ఇంకా బాగుంటాయి, నూలు ఒళ్ళుకు పట్టంచు కలిపి నేసే పని వాళ్ళదే. కానీ గంటసేపు గెంతే ఆటకు అంత చీర ఎందుకని మా అభిప్రాయం. మీ టీంకు కొత్తవి తీసుకునే పనైతే అందరివీ ఒకేసారి, ఒకే నేతన్న దగ్గర చెప్పండి. ఒక పడుగు మీద వరసగా చాలా చీరలు దిగుతాయి కాబట్టి రంగు కలుస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకో రెండు కావాలంటే అదే ఎరుపు మళ్ళీ దొరకదు. కొత్తగా చేరేవాళ్ళ కోసం రెండు ఎక్కువ చెప్పి పెట్టుకోండి.

రవిక కుట్టించేముందు అందరినీ నిలబెట్టి కర్రలు చేతికిచ్చి తల మీదికి ఎత్తమను. మామూలు కొలతకు కుట్టిన రవిక అక్కడే పట్టేస్తుంది. చంక కింద మూడంగుళాల చదరపు ముక్క వేస్తే చెయ్యి ఎంత పైకెత్తినా నడుం దగ్గర లేవదు. మా పదహారు రవికలకూ నేనే వేశాను. రవిక లోపలివైపు, వెనక, ప్రతి ఒక్కరి పేరూ మొదటి ఆట తారీకూ తెల్లదారంతో కుట్టాను. అది ఎవరికీ కనిపించదు. తొడుక్కునేటప్పుడు వాళ్ళకు తెలుస్తుంది, చాలు. ఈ చీరల్ని మేం ఆటకే దాచుకోం. కూరగాయలకు, గుడికి, చుట్టాలింటికి కట్టుకునే పోతాం. గడియారం సెంటర్‌లో మా వాళ్ళలో ఒకరు అదే చీరలో ఎదురైతే ఇద్దరం రోడ్డు మీదే నవ్వుకుంటాం.

టీషర్టుల దగ్గరికొస్తే, మీ అమ్మ మీద కోపం తెచ్చుకోకు. దానికి ఇంట్లో బట్టలు ఎక్కువైతే ఊపిరాడదు, చిన్నప్పటినుంచీ అంతే. అన్నీ దాచమని నేనూ అనను. మొదటి పరుగుది, నువ్వు బాగా కష్టపడి పూర్తి చేసినది, ఈ రెండు ఉంచుకుని వేసుకో, పొద్దున నడకకు, పప్పు రుబ్బేటప్పుడు. మిగతావి నవ్వుతూ అమ్మకిచ్చెయ్యి. ఉంచుకున్నవి చిరిగితే ఛాతీ మీది బొమ్మ కత్తిరించి గుడ్డసంచికి కుట్టుకో.

నా దగ్గర అలా మిగిలింది స్కౌట్స్ అండ్ గైడ్స్ స్కార్ఫ్. 1972లో తొమ్మిదో తరగతిలో ఇచ్చారు. దేవరకొండ కోట ఎక్కడానికి మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక పిల్ల రాళ్ళ మీద జారి మోచెయ్యి దెబ్బ తగిలించుకుంది. నా మెడలోని మూడు మూలల స్కార్ఫ్ తీసి, నేర్పినట్టే ఆ చేతికి ఊయల కట్టి, మెడ వెనక ముడి వేసి కిందికి దింపాం. ఆ పిల్ల చెయ్యి తగిలిన చోట చిన్న రక్తపు మరక మిగిలింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఇప్పటికీ చలికాలం పొద్దున వాకింగ్‌కు అదే మెడకు చుట్టుకుంటాను. నువ్వు కొండలెక్కే గ్రూపులో చేరతానన్నావు కదా, నీకూ అలాంటి పెద్ద నూలు రుమాలు ఒకటి పంపుతాను. ఆ గ్రూపుకు యూనిఫాం అనుకుంటే మిలిటరీ మచ్చల గుడ్డ మాత్రం వద్దని నీ వాళ్ళకు చెప్పు. ఆ బట్ట వేసుకునేవాళ్ళు ఇంకో పని మీద వేసుకుంటారు. మీకు పుట్టపాకలో నేసే తేలియా రుమాళ్ళ ఎరుపూ నలుపూ తెలుపూ చక్కగా సరిపోతాయి. ఆముదం కాయల బూడిద, నూనె కలిపిన నీళ్ళలో నూలును రోజుల తరబడి నానబెట్టి చేసే పని అది. తలకు చుట్టుకోవడానికే పుట్టిన గుడ్డ, ఎండలో నీకు పనికొస్తుంది.

పెత్రమాసకు, అదే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, రెండు రోజుల ముందే రా. నీ టాపు భుజం కుట్టు నా ముందు విప్పి వేద్దువు గాని, నేను పక్కన కూర్చుంటాను. మీ తాత చీర ముక్కల్లో చిలుకలున్నవి రెండు బాగానే మిగిలాయి, నీ తర్వాతి టాపుకు జేబులు అవుతాయేమో చూద్దాం. వచ్చేటప్పుడు ఆ నీలం టాపు వేసుకునే బస్సెక్కు.

మీ పెద్దమ్మ