ఇద్దరికీ కలిపి తొమ్మిది కార్డులు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం, ఇద్దరం ఉద్యోగులమే. నా దగ్గర ఐదు క్రెడిట్ కార్డులున్నాయి: 2014లో జీతం బ్యాంకు వాళ్లిచ్చిన ఫ్రీ కార్డు, ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్, అమెజాన్ పే ఐసీఐసీఐ, ఒక పెట్రోల్ కార్డు, మాల్‌లో స్టాల్ దగ్గర తీసుకున్న కార్డు. మా వారి దగ్గర నాలుగు: ఏడాదికి 2,500 ఫీజు ఉన్న లాంజ్ కార్డు, ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్, ఫీజు లేని ఒక రూపే కార్డు, ఫ్రిజ్ కొన్నప్పుడు ఈఎంఐ కోసం తీసుకున్న కార్డు. మాల్ కార్డు నేను వాడనే లేదు. దానికి యాన్యువల్ ఫీజు 1,179 బిల్లు వస్తే చూసుకోలేదు. డ్యూ డేట్ దాటి నెల పైనే అయ్యాక చూస్తే ఆలస్య రుసుముతో 2,100 దాకా అయింది. వచ్చే ఏడాది ఇద్దరి పేరు మీద హోం లోన్ తీసుకోవాలి. ఏ కార్డులు ఉంచుకోవాలి? తీసేస్తే సిబిల్ స్కోర్ పడిపోతుందా? ఇంకొక మాట, మా మరిది ఆఫర్ ఉందని మా కార్డు మీద ఫోన్లు కొని డబ్బులు ఫోన్‌పే చేస్తుంటాడు. ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: మీరు కార్డుల జాబితాతో పాటు మూడు నెలల ఖర్చుల లెక్క, మిగతా వివరాలు కూడా విడిగా రాసి పంపడం మంచిదైంది. చాలామంది కార్డుల పేర్లు రాసి ‘ఏది బెస్ట్’ అని అడుగుతారు. డబ్బు ఎక్కడెక్కడికి పోతోందో తెలియకుండా దానికి జవాబు చెప్పలేం.

మీ లెక్కలో అద్దె, స్కూలు ఫీజు, పనమ్మాయి జీతం పక్కన పెడితే కార్డు మీదికి రాగలిగినవి నెలకు సుమారు 36,000. అందులో ఆన్‌లైన్ షాపింగ్ 8,000, స్విగ్గీ, జొమాటో 3,500, సూపర్‌మార్కెట్ 11,000, కిరాణా, మందులు, కూరగాయల వంటి చిల్లర ఖర్చులు 6,000, పెట్రోల్ 4,000, కరెంటు, ఫోన్, ఇంటర్నెట్ బిల్లులు 3,500. ఈ ఆరింటికి తొమ్మిది కార్డులెందుకో మీరే చూడండి.

ముందు ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ సంగతి. ఆన్‌లైన్‌లో ఏ సైట్ అయినా 5 శాతం, బయట దుకాణాల్లో 1 శాతం ఇస్తుంది. ఫీజు 999, దాని మీద జీఎస్టీ. ఏడాదిలో 2 లక్షలు ఖర్చు పెడితే ఆ ఫీజు మాఫీ. మీ ఆన్‌లైన్ ఖర్చు 11,500 దీని మీద పెడితే నెలకు 575 వస్తుంది. కానీ ఏడాదికి 1,38,000 మాత్రమే అవుతుంది, మాఫీకి చాలదు. సూపర్‌మార్కెట్ సరుకులు కూడా దీని మీదే కొంటే 2,70,000 అవుతుంది, ఫీజు మాఫీ అవుతుంది, ఇంకో 110 క్యాష్‌బ్యాక్ కూడా వస్తుంది. సూపర్‌మార్కెట్‌లో ఇంతకంటే ఎక్కువిచ్చే కార్డు వెతికితే దొరుకుతుంది. దొరికినా తేడా నెలకు వంద రూపాయల చిల్లరే, ఫీజు మాఫీ మాత్రం చేజారుతుంది. అందుకే మీ ఇంటికి ఇదే ప్రధాన కార్డు. మీ వారికి దీని మీదే యాడ్-ఆన్ కార్డు, అంటే మీ ఖాతాకే కలిసిన ఇంకో కార్డు తీసుకోండి. ఆయన ఆర్డర్ చేసినా మీ 2 లక్షల్లోకే వస్తుంది, బిల్లు కూడా ఒక్కటే. యాడ్-ఆన్ మీద ఆయన పెట్టే ప్రతి రూపాయికీ బాధ్యత మాత్రం మీదే.

కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్, పెట్రోల్, స్కూలు ఫీజు, బంగారం ఆన్‌లైన్‌లో కట్టినా దీనిలో క్యాష్‌బ్యాక్ రాదు. ‘ఆన్‌లైన్ అంటే 5 శాతం’ అనుకుని ఎల్‌ఐసీ ప్రీమియం దీంతో కట్టేసి, స్టేట్‌మెంట్‌లో సున్నా చూసి కోప్పడేవాళ్లు నాకు చాలామంది తగులుతారు.

అమెజాన్ పే ఐసీఐసీఐ మంచి కార్డే. లైఫ్‌టైం ఫ్రీ, ప్రైమ్ ఉంటే అమెజాన్‌లో 5 శాతం, లేకపోతే 3. కానీ ఆ 5 శాతం మీకు ఎస్‌బీఐ కార్డులోనే వస్తోంది. రెండింటి మీదా పంచితే 2 లక్షల మాఫీ గీత దగ్గరికొచ్చి ఊగిసలాడుతుంది. ఫీజు లేదు కాబట్టి మూసేయక్కర్లేదు. యాప్‌లోకి వెళ్లి ఆన్‌లైన్, స్వైపింగ్ రెండూ ఆఫ్ చేసి పెట్టండి, ఏడాదిలో ఒకసారి మాత్రం ఆన్ చేసి చిన్నదేదైనా కొనండి. ఎస్‌బీఐ వాళ్లు రేపు నిబంధనలు బిగిస్తే ఇది పనికొస్తుంది. బిగించరన్న గ్యారంటీ లేదు. ఈ ఎస్‌బీఐ కార్డే 2022లో వచ్చినప్పుడు నెలకు 10,000 వరకు క్యాష్‌బ్యాక్ ఇచ్చేది, 2023 మే నుంచి దాన్ని 5,000 చేశారు, లాంజ్ సౌకర్యం తీసేశారు. మీ ఖర్చుకు ఆ పరిమితితో పని లేదు గానీ, ఏ కార్డునూ జీవితాంతపు బంధం అనుకోకూడదు. ఏడాదికోసారి ఫీజు పడే నెలకు ముందు నిబంధనలు మళ్లీ చదవండి.

రెండోది మీ వారి రూపే కార్డు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చని ఆర్‌బీఐ 2022లో అనుమతిచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్‌లకు ఆ వీలు లేదు. ఫోన్‌పేలోనో భీమ్‌లోనో ఆ కార్డు జోడించి, మెడికల్ షాపులో క్యూఆర్ స్కాన్ చేసి, బ్యాంకు ఖాతా బదులు కార్డును ఎంచుకుంటే సరిపోతుంది. దీనికో మెలిక ఉంది. వ్యాపారి క్యూఆర్‌కే కార్డు పనిచేస్తుంది, మనిషి సొంత ఖాతా క్యూఆర్‌కు పనిచేయదు. రైతు బజార్‌లో ఆకుకూరలమ్మే ఆమె కొడుకు పేరు మీదున్న క్యూఆర్ స్కాన్ చేశారనుకోండి, కార్డుతో కట్టడం కుదరదు, బ్యాంకు ఖాతా నుంచే పంపాలి. అందుకని 6,000 మొత్తం కార్డు మీదికి రాదు, నాలుగు వేలొచ్చినా మేలే. క్యాష్‌బ్యాక్ కంటే నాకు దీనిలో నచ్చేది వేరే ఉంది. రోజుకు పది చిన్న చెల్లింపులు జీతం ఖాతాలో పడితే నెలాఖరుకు స్టేట్‌మెంట్ చదవడం మానేస్తాం. అవన్నీ కార్డులోకి పోతే జీతం ఖాతాలో అద్దె, ఫీజు, కార్డు బిల్లు లాంటి పెద్ద పద్దులే కనిపిస్తాయి.

మూడోది మీ 2014 కార్డు. దాని మీద వచ్చేది పెద్దగా ఏం లేదు. అయినా అది ఉండాలి. మీ పేరు మీద ఉన్న అప్పుల చరిత్రలో అన్నిటికంటే పాతది అదే, దానికి ఫీజు లేదు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదని మీరే రాశారు. హోం లోన్ ఇచ్చే బ్యాంకుకు నచ్చే కార్డు అది. కరెంటు, ఫోన్, ఇంటర్నెట్ బిల్లులు దాని మీద ఆటోపేలో పెట్టండి. ఏడాది పైన అసలు వాడకుండా వదిలేస్తే, బ్యాంకు నోటీసిచ్చి 30 రోజులు చూసి మూసేయొచ్చు. నెల నెలా కరెంటు బిల్లు పడుతుంటే ఆ సమస్య రాదు. పెట్రోల్ కూడా దీంతోనే పోయించుకోండి. బంకులో కార్డు గీకితే పడే 1 శాతం సర్‌ఛార్జికి మాఫీ చాలా కార్డుల్లో 400, 500 దాటిన బిల్లుకే ఉంటుంది, స్కూటీకి 200 పోయించుకుని కార్డు గీకితే ఆ మాఫీ రాదు. కారు ట్యాంకు నింపేటప్పుడు కార్డు, స్కూటీకి మామూలు యూపీఐ.

ఇక పోవాల్సినవి. పెట్రోల్ కార్డు కాగితం మీద బాగుంటుంది. కానీ అది ఒక్క కంపెనీ బంకుల్లోనే లాభమిస్తుంది, మీ ఇంటి దగ్గరి బంకు వేరే కంపెనీదని మీరే రాశారు. పాయింట్ల కోసం నాలుగు కిలోమీటర్లు పోయి రావడం దండగ. మాల్ కార్డు సంగతి చెప్పనక్కర్లేదు. లాంజ్ కార్డుకు జీఎస్టీతో కలిపి 2,950 కడుతున్నారు, విమానం ఎక్కేది ఏడాదికి రెండుసార్లు. ఆ డబ్బుతో శంషాబాద్‌లో నలుగురూ కడుపు నిండా తినొచ్చు. ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ ఇచ్చే 5 శాతం ఎస్‌బీఐలో ఎలాగూ ఉంది, ఫీజు పడేలోపు మూసేయండి. ఫ్రిజ్ కార్డుకు ఇంకా నాలుగు వాయిదాలున్నాయి, ముందే కట్టేస్తే ఛార్జీ అడుగుతారు, అవి అయ్యాక మూసేయండి. పెట్రోల్, మాల్, లాంజ్, ఫ్లిప్‌కార్ట్ కార్డుల ఫీజులే జీఎస్టీతో కలిపి ఏడాదికి దాదాపు 5,300. తొమ్మిది కార్డులనూ మార్చి మార్చి ఎంత తెలివిగా వాడినా, నేను చెప్పిన మూడింటి కంటే నెలకు రెండు వందలు మించి ఎక్కువ రావడం లేదు. అంటే ఏడాదికి 2,400.

ఆ 2,400 ఒక్క మరుపుతో పోతుంది. 30,000 బిల్లు డ్యూ డేట్‌కు కట్టడం మర్చిపోయి పదిహేను రోజుల తర్వాత కట్టారనుకుందాం. వడ్డీ డ్యూ డేట్ నుంచి కాదు, కొన్న రోజు నుంచి పడుతుంది. సగటున 50 రోజులకు, నెలకు 3.75 శాతం చొప్పున 1,850 దాకా. ఆలస్య రుసుము 1,100 అనుకుంటే, రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 3,500. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న వాటికీ వడ్డీ లేని గడువు ఉండదు.

అందుకే మూడు కార్డులకూ జీతం ఖాతా నుంచి ఆటోపే పెట్టండి. పెట్టేటప్పుడు ‘మినిమమ్ అమౌంట్ డ్యూ’ అని ఉందా, ‘టోటల్ అమౌంట్ డ్యూ’ అని ఉందా చూడండి. మినిమమ్ అంటే సాధారణంగా బిల్లులో 5 శాతమే, మిగతా 95 శాతం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆటోపే ఉందని నిశ్చింతగా ఉండి ఆరు నెలల తర్వాత లబోదిబోమనేవాళ్లంతా ఈ గడి దగ్గర పొరబడ్డవాళ్లే. మీ ఇద్దరికీ జీతం ఒకటో తేదీన పడుతుంది కాబట్టి మూడింటి డ్యూ డేట్లూ 5 నుంచి 8 లోపు ఉండేలా బిల్లింగ్ సైకిల్ మార్చమనండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మార్చి తీరాలి, కస్టమర్ కేర్‌లో కుదరదంటే మెయిల్ పెట్టండి.

మూసే పద్ధతి. ముందు పాయింట్లు వాడేసుకోండి. ఆ కార్డు మీద ఏవైనా సబ్‌స్క్రిప్షన్లు కట్ అవుతున్నాయేమో చూసి మార్చుకోండి. బాకీ పూర్తిగా కట్టి, యాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. మర్నాడే ఫోనొస్తుంది: ‘మేడం, ఈ ఏడాది ఫీజు మాఫీ చేస్తాం, ఉంచుకోండి’ అని. ఈ ఏడాది మాఫీ అంటే వచ్చే ఏడాది ఫీజే. వద్దనండి. బాకీ లేకపోతే 7 పని దినాల్లో మూయాలి, లేదంటే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 మీకివ్వాలి. ఇది 2022 నాటి ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది. మెయిల్‌లో ఆ ఒక్క వాక్యం రాస్తే పని చకచకా అవుతుంది. కార్డు మూసేసినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి, నెలన్నర తర్వాత సిబిల్ రిపోర్టులో, అంటే మీ అప్పుల చిట్టాలో, ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోండి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది.

స్కోర్ గురించి టెన్షన్ పడకండి. మూసేసిన కార్డు చరిత్ర రిపోర్టులోంచి వెంటనే మాయం కాదు. మారేది మీ మొత్తం లిమిట్. మీ ఎస్‌బీఐ కార్డు లిమిట్ లక్షన్నర, నెల బిల్లు 22,500, అంటే లిమిట్‌లో వాడేది 15 శాతం. 30 శాతం దాటనంత వరకు సాధారణంగా ఇబ్బంది లేదు. స్కోర్ ఓ నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ ఊగినా, లోన్‌కు అప్లై చేసేలోపు సర్దుకుంటుంది. అందుకే ఇప్పుడే మూసేయమంటున్నాను. లోన్ ఫైలు బ్యాంకులో ఉన్నప్పుడు మాత్రం ఏ కార్డూ ముట్టుకోవద్దు, కొత్తది అసలే తీసుకోవద్దు.

నిజంగా చూసుకోవాల్సింది మాల్ కార్డు మచ్చ. రిపోర్టులో ప్రతి కార్డు కింద నెలల వారీగా గళ్లుంటాయి, సకాలంలో కట్టిన నెలకు 000 లేదా ఎస్‌టీడీ అని, ఆలస్యమైతే ఎన్ని రోజులో ఆ అంకె వేస్తారు. 3 రోజులు దాటితేనే ఆలస్యంగా చూపాలి, మీది నెల దాటింది. కాబట్టి ఆ గడిలో అంకె ఉండే ఉంటుంది. ఉన్న మాటను తుడిచేయడం ఎవరి వల్లా కాదు, ‘స్కోర్ రిపేర్’ చేస్తామనే వాళ్లకు డబ్బివ్వకండి. ఆలస్య రుసుము వెనక్కి ఇమ్మని మాత్రం బ్యాంకును ఒకసారి అడగండి, వాడని కార్డు కదా, కొన్నిసార్లు ఇస్తారు. కట్టిన రసీదు, మూసేసిన మెయిల్ లోన్ ఫైల్లో పెట్టుకుంటే, బ్యాంకువాళ్లు అడిగినప్పుడు యాన్యువల్ ఫీజు బిల్లని చూపించొచ్చు.

మీ మరిదిగారి ఫోన్ల సంగతి. ఒకటీ రెండూ అయితే ఏమీ కాదు. కానీ ఏడాదిలో ఒకరి కార్డు బిల్లులకు 10 లక్షలు, లేదా నగదుగా లక్ష కడితే ఆ వివరం బ్యాంకు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. సేల్ వచ్చినప్పుడల్లా ఆయన స్నేహితులకు కూడా కొనిపెడుతున్నారని రాశారు, అది మీ వారి జీతానికి మించిన ఖర్చుగా కనిపిస్తే వివరణ ఇవ్వాల్సింది మీ వారే. ఆయన ఫోన్‌పే చేయడం నాలుగు రోజులు ఆలస్యమైతే వడ్డీ పడేదీ మీకే. పైగా హోం లోన్‌కు ముందు నెలల్లో కార్డు లిమిట్ నిండా వాడినట్టు రిపోర్టులో కనిపించడం మంచిది కాదు. ఆయన కొంటున్నది ఫ్లిప్‌కార్ట్ కార్డు మీదే కదా. వద్దని మొహం మీద చెప్పడం కష్టంగా ఉంటే ఆ కార్డు మూసేశామని చెప్పండి, అబద్ధం కూడా కాదు.