ఏ టేపు నుంచి తీశారో ముందు అది అడుగు

బిడ్డా,

వాట్సాప్‌లో నువ్వు పెట్టిన లిస్టు చూశాను. బ్యాంకు జీతం చేతికి రాగానే బంగారం కొనమని మీ అమ్మ, రికార్డులు కొంటానని నువ్వు. మీ అమ్మతో నేను మాట్లాడతానులే. కానీ ఆ లిస్టులో ఉన్నవన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేయకు. అందులో సగం కంపెనీలు మూడోసారో నాలుగోసారో అమ్ముతున్న సరుకే. ఒకసారి అట్ట మారుతుంది, ఒకసారి అట్ట మీద స్టిక్కర్ ఒక్కటే మారుతుంది, ధర మాత్రం ప్రతిసారీ మారుతుంది.

ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) కొనాలా, సీడీ కొనాలా అని అడిగావు. ఆ పంచాయితీ తర్వాత. ముందు తెలుసుకోవాల్సింది ఈ రీఇష్యూ, అంటే పాత ఆల్బమ్‌ను మళ్ళీ వేసింది, ఏ టేపు నుంచి చేశారు, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది. పని తెలిసినవాడు మాస్టర్ చేసిన, అంటే అచ్చుకు పోయే ముందు శబ్దాన్ని ఆఖరుసారి సరిదిద్దిన సీడీ ముందు, ఎక్కడినుంచి తీశారో చెప్పని ఎల్పీ నిలబడదు. నూట ఎనభై గ్రాముల బరువున్నా నిలబడదు. ఆ బరువును అట్ట మీద పెద్దక్షరాల్లో వేస్తారు చూడు, దానికీ లోపలి శబ్దానికీ సంబంధం లేదు, రికార్డు మందంగా ఉంటుంది, అంతే.

నీ లిస్టులో మొదటిది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ కదా, దాన్నే తీసుకో. 1959లో న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ళ 30వ వీధి స్టూడియోలో మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి కూర్చుని వాయించారు. మార్చిలో వాడిన అసలు టేపు మెషీన్ ఉండాల్సిన దానికంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కించిన టేపును సరైన వేగంతో తిప్పితే పాట పరుగెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. దాంతో మొదటి సైడులో ఉన్న మూడు పాటలనూ ముప్పై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా కొంచెం పై శ్రుతిలోనే విన్నది. అదృష్టం కొద్దీ ఆ రోజు పక్కన రెండో మెషీన్ కూడా నడిచింది, అది సరిగ్గా తిరిగింది. 1992లో ఆ రెండో టేపును బయటికి తీసి చేసిన రీఇష్యూతో గానీ తప్పు దిద్దుకోలేదు. అంటే ఆ మూడు పాటల విషయంలో, వేలకు వేలు పోసి కొనే 1959 నాటి మొదటి ప్రెస్సింగ్ (మొదటి విడత అచ్చేసిన రికార్డు) కంటే మామూలు 1997 సీడీయే శ్రుతికి దగ్గర. ‘పాతదే అసలైనది’ అని నీకు ఎవరైనా చెప్తే ఈ సంగతి చెప్పు.

అట్లాగని కొత్తదే మేలనుకోకు, రాక్ రికార్డుల్లో అసలు అనుకోకు. తొంభైల నుంచి కంపెనీలకు ఒక పిచ్చి పట్టుకుంది, ప్రతి సీడీ పక్కదానికంటే గట్టిగా మోగాలని. మెల్లగా ఉన్న చోట్లను పైకి లేపి, గట్టిగా ఉన్న చోట్లను పైన కోసేస్తారు. 2008లో మెటాలికా అనే రాక్ బ్యాండ్ ‘డెత్ మ్యాగ్నెటిక్’ వచ్చినప్పుడు అభిమానులే గోల పెట్టారు, ఎందుకంటే అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేములో సీడీ కంటే శుభ్రంగా వినిపించాయి! డబ్బు పెట్టి కొన్న సీడీ కంటే ఆట బొమ్మలో ఉన్నది మెరుగు. పాత ఆల్బమ్‌లను రీమాస్టర్ చేసేటప్పుడు కూడా చాలామంది ఇదే పని చేశారు.

దీన్ని నువ్వే ఇంట్లో పట్టుకోవచ్చు. ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లాప్‌టాప్‌లో వేసుకో. ఎనభైల్లో వచ్చిన సీడీ నుంచి ఒక పాట, రీమాస్టర్ నుంచి అదే పాట కిందా మీదా తెరువు. పాతదాంట్లో డ్రమ్ము దెబ్బ పడ్డ ప్రతిచోటా గీత పైకి లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. చెడగొట్టిన రీమాస్టర్‌లో ఈ చివర నుంచి ఆ చివరిదాకా రోడ్డు రోలర్ తొక్కినట్టు చదునుగా ఉంటుంది. చూశాక చెవులతో కూడా పరీక్షించు, కానీ రెండింటి వాల్యూమ్ సమానం చేసి విను, లేకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. అందరి చెవులూ అంతే, వాళ్ళ వ్యాపారం నడిచేదే దాని మీద.

రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు, ఇది కలగాపులగం చేసుకోకు. రీమాస్టర్ అంటే అప్పటి మిక్స్ అట్లాగే ఉంటుంది, శబ్దాన్ని మాత్రం సరిచేస్తారు. రీమిక్స్ అంటే గిటార్, గొంతు, డ్రమ్ములు దేనికవి విడిగా ఉన్న టేపులను తెచ్చి మళ్ళీ కలుపుతారు. అప్పుడు అది వేరే వంట. డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ ‘మెషీన్ హెడ్’ 1972లో వచ్చింది. దానికి పాతికేళ్ళు నిండినప్పుడు 1997లో రెండు సీడీల ఎడిషన్ వేశారు, ఒకదాంట్లో బ్యాండ్ బాసిస్టు రోజర్ గ్లోవర్ చేసిన రీమిక్స్, ఇంకోదాంట్లో అసలు మిక్స్ రీమాస్టర్. ఇట్లా రెండూ ఇచ్చేవాళ్ళు మర్యాదస్తులు. రీమిక్స్ ఒక్కటే ఇచ్చి అసలుది మార్కెట్లో నుంచి మాయం చేసేవాళ్ళంటే నాకు మంట. బీటిల్స్ సంగతి ఇంకో రకం. 1968 దాకా వాళ్ళు దగ్గరుండి శ్రద్ధగా చేయించుకున్నది మోనో (శబ్దమంతా ఒకే ఛానెల్‌లో) మిక్సులే, స్టీరియో (ఎడమ, కుడి వేరువేరుగా) మిక్సులు తర్వాత వాళ్ళు లేకుండానే గబగబా చేసేసేవాళ్ళు. 2009లో మోనో సీడీల బాక్స్ వచ్చింది, 2014లో అదే డిజిటల్ అనేది మధ్యలో రాకుండా టేపు నుంచి నేరుగా ఎల్పీలుగా వచ్చింది. ఖరీదు ఎక్కువ. అందులో ‘రివాల్వర్’ ఆల్బమ్ ఒక్కటి విడిగా దొరికితే చాలు నీకు.

రీఇష్యూల్లో అదనంగా కలిపే బోనస్ ట్రాకుల గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. ఒక పాట అయిపోగానే అదే పాట రెండో టేకు, మూడో టేకు వరసగా పెడితే ఆల్బమ్ ఆల్బమ్‌లా ఉండదు. చివర్లో పెట్టాలి, లేదంటే వేరే డిస్కులో పెట్టాలి. పియానిస్టు బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో వాయించిన బాక్స్ మాత్రం దీనికి మినహాయింపు, అక్కడ టేకులన్నీ జరిగిన వరసలోనే వినాలి. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లో నేలమాళిగలో చిన్న క్లబ్బు, మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా ఐదు విడతలు. ఎల్పీలుగా వేసినప్పుడు వరస మార్చి, ఏరి వేశారు. 2005లో వచ్చిన మూడు సీడీల సెట్లో మొత్తం వరసగా ఉంది. అందులో మొట్టమొదటి పాట ‘గ్లోరియాస్ స్టెప్’ వింటూ ఉండు, హాయిగా పోతూ పోతూ ఉన్నట్టుండి శబ్దం చచ్చిపోయి మళ్ళీ వస్తుంది. అక్కడ కరెంటు పోయింది! సర్వీసంతా సబ్‌స్టేషన్లలో గడిపినవాణ్ణి కదా, ఆ చోటు వచ్చినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు. న్యూయార్క్‌లో కూడా పోతుందన్నమాట. టేపు ఆగినా వేదిక మీద వాయిద్యాలకు కరెంటుతో పనిలేదు కాబట్టి వాళ్ళు ఆపలేదు. ఆ బాస్ వాయించిన కుర్రాడు స్కాట్ లఫారో పది రోజులు దాటగానే కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళవాడు. ఆ పాట రాసిందీ అతనే. అందుకే ఆ తెగిపోయిన టేకు కూడా నాకు కావాలి.

శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ 1963 మార్చిలో స్టూడియోలో చేసిన ఒక పూర్తి సెషన్ 2018 దాకా బయటికి రాలేదు. నిల్వ ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ మాస్టర్ టేపు పారేసిందంటారు. కోల్‌ట్రేన్ వినడానికని ఇంటికి తెచ్చుకున్న కాపీ మొదటి భార్య నైమా ఇంట్లో ఉండిపోయింది కాబట్టి మనకు దక్కింది, అది కూడా మోనోలో. ఇట్లాంటివి ఎన్ని బయటికొచ్చినా నేను కొంటాను. అదే ఆల్బమ్‌కు రంగు రికార్డు, బొమ్మల రికార్డు, యాభయ్యో వార్షికోత్సవం రికార్డు అంటే కొనను. నువ్వూ కొనకు.

ఇక చవకగా దొరికే ఎల్పీల సంగతి. ఆన్‌లైన్‌లో యాభైల నాటి జాజ్ అంతా సగం ధరకు, యూరప్‌లో అచ్చయిందని, నిగనిగలాడే అట్టలతో కనిపిస్తుంది. యూరప్‌లో రికార్డింగుల హక్కు మొదట యాభై ఏళ్ళే ఉండేది. తర్వాత డెబ్బైకి పెంచారు కానీ, 1962 చివరిదాకా విడుదలైనవి అప్పటికే చేయి దాటిపోయాయి. కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు, దొంగతనమేమీ కాదు. కానీ వాళ్ళ దగ్గర మాస్టర్ టేపు ఉండదు, ఏ సీడీ నుంచో తీసి గాడి కోస్తారు. గుర్తుపట్టడం సులువు, అట్ట వెనక మాస్టరింగ్ ఎవరు చేశారో పేరు ఉండదు. కెవిన్ గ్రే, బెర్నీ గ్రండ్‌మన్ లాంటి పేరున్న మాస్టరింగ్ ఇంజినీర్ల పేరుంటే దాచరు, స్టిక్కర్ వేసి మరీ చెప్తారు. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ వాళ్ళ టోన్ పోయెట్ రీఇష్యూల వరస 2019లో మొదలైంది, జో హార్లీ చూసుకుంటాడు, గ్రే అసలు టేపుల నుంచే కోస్తాడు, అట్టలు కూడా దిట్టంగా ఉంటాయి. అంత పెట్టలేకపోతే ఎనభైల్లో మొదలైన ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ అనే రీఇష్యూల వరసలోని పాత ఎల్పీలు సెకండ్ హ్యాండ్‌లో వెతుకు. అట్టలు పలుచన, ఆడంబరం ఉండదు, లోపల సరుకు నికార్సైనది. నా అల్మారాలో ఎక్కువ ఉన్నవి అవే.

పేరున్న కంపెనీ అయినా మాటను పట్టుకుని అడగాలి. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ 1977 నుంచి ‘అసలు మాస్టర్ టేపు’ పేరు మీదే బతికింది. 2022లో తేలిందేమంటే చాలా రికార్డులకు మధ్యలో డిజిటల్ ఫైలు వాడుతున్నారని. కోర్టుదాకా పోయింది. వాటి శబ్దానికి నేను వంక పెట్టను, చెప్పకుండా అమ్మారన్నదే గొడవ.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోన్ టార్చి వేసి రికార్డును ఏటవాలుగా పట్టుకో. పాట అయిపోయాక లేబుల్‌కూ చివరి గాడికీ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ చెక్కిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. అదే దాని ఆధార్ కార్డు అనుకో. ఆ నంబరును డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఏ దేశం, ఏ ఏడు ప్రెస్సింగో తెలుస్తుంది. పాత బ్లూ నోట్ అయితే వాళ్ళ రికార్డింగ్ ఇంజినీరు వాన్ గెల్డర్ ముద్ర కోసం చూడు. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒకాయన 1966 నాటి ఒరిజినల్ అని నాకు పెద్ద ధర చెప్పాడు, తిప్పి చూస్తే వెనక బార్‌కోడ్! అరవైల్లో రికార్డుకు బార్‌కోడ్ ఎక్కడిదయ్యా అంటే ‘మీకు ఇష్టమైతే తీసుకోండి సార్’ అన్నాడు. అబిడ్స్ ఆదివారం బజారులో అప్పుడప్పుడు కలకత్తా దమ్‌దమ్‌లో అచ్చయిన బీటిల్స్ దొరుకుతాయి, ముచ్చట పడు కానీ ముందు గాడి చూడు. మన ఇళ్ళలో బరువు సూదుల ప్లేయర్ల మీద అరగదీసినవే ఎక్కువ. బయటిదేశం నుంచి తెప్పిస్తే రికార్డు ధర ఒక్కటే లెక్కేసుకోకు, పోస్టేజీ, కస్టమ్స్ కలిపి చూసుకో, ఒక్కోసారి అవే రికార్డును మించిపోతాయి.

మన దగ్గర ఎండ సంగతి ఏ రివ్యూలోనూ రాయరు. మే నెలలో పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో రికార్డు పెడితే వంగిపోతుంది, దాన్ని తిరిగి సాపు చేయడం ఇంట్లో అయ్యే పని కాదు. రేకుల గదిలో వద్దు, సజ్జ మీద అసలే వద్దు. నిలువుగా నిలబెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. వానాకాలం అట్టలకు బూజు పడుతుంది, వారానికోసారి తలుపు తీసి గాలి ఆడనివ్వు. కడగాల్సి వస్తే బోరు నీళ్ళు వాడకు, నల్లగొండైనా పాలమూరైనా మన బోరు నీళ్ళు ఆరితే తెల్లటి చార మిగులుతుంది, అది గాడిలోనే ఉండిపోయి సూది కింద చిటపటలాడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా బ్యాటరీ షాపులో దొరుకుతుంది, అది తెచ్చుకో. మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడువు, అడ్డంగా రుద్దకు, లేబుల్ తడవనీయకు.

ఇప్పటికి నీ లిస్టులో మూడు ఉంచాను: ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (వేగం సరిచేసిందే అని అడిగి కొను), వాన్‌గార్డ్ బాక్స్, రెండు సీడీల ‘మెషీన్ హెడ్’. మూడూ సీడీలే తీసుకో. ఎల్పీలు దసరా దాటాక చూద్దాం, అప్పటికి మంచి టర్న్‌టేబుల్‌కు డబ్బు కూడబెట్టు, సూట్‌కేసులా మూసే ఆ బొమ్మ ప్లేయర్ మాత్రం కొనకు, అది రికార్డులను తినేస్తుంది. పార్సిల్‌కు నల్లగొండ అడ్రసే ఇవ్వు. నీ హాస్టల్‌కు పంపితే వాచ్‌మన్ గేటు దగ్గర ఎండలో పెట్టి, నువ్వు బ్యాంకు నుంచి వచ్చేదాకా ముట్టడు.

మీ మామ