కారు తీసుకునే ముందు ఇది చదువు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల సొంత సంపాదనతో కారు కొనడం ఇదే మొదలు. మీ పెద్దమ్మ తెల్లారకుండానే వీధంతా చెప్పేసింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. కారు ఇన్సూరెన్స్‌కి థర్డ్ పార్టీ ఒక్కటి చాలని ఏజెంట్ అన్నాడట, నువ్వు సరేనన్నావట. ఎందుకు సరేనన్నావు తల్లీ?

థర్డ్ పార్టీ అంటే నీ కారు తగిలి ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. చట్టం అడిగేది అదొక్కటే. నీ కారుకి దాంట్లో పైసా రాదు. 1000 దాటి 1500 సీసీ లోపు కారుకి 2022 జూన్‌లో పెట్టిన రేటు 3,416 రూపాయలు, పన్ను వేరే. ఏ కంపెనీకి వెళ్లినా అదే. బేరం ఉండేదల్లా ఓన్ డ్యామేజ్, అంటే నీ కారుకి జరిగిన నష్టానికిచ్చే భాగంలో. అక్కడ ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ, అంటే పాలసీలో నీ కారుకి కట్టే విలువ, తగ్గిస్తానంటే ఒప్పుకోకు. రేపు కారు దొంగలెత్తుకుపోతే నీ చేతికొచ్చేది ఆ అంకెను బట్టే. అమ్మినాయన పాలసీ ఉంటే, కారు చేతులు మారిన 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, మాత్రం ఆయనదే, కారుతో పాటు నీకు రాదు.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పని సంగతి చెబుతాను. 2018 అక్టోబర్ 11, తిత్లీ తుపాను. అప్పుడు మేం కాశీబుగ్గలో ఉన్నాం. తెల్లవారుజాము నుంచి ఒకటే గాలి, ఫోన్లు లేవు. నానమ్మ ఉద్దానంలో ఒక్కతే, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. మా సందు పల్లం. నీళ్లు కారు తలుపుల సగం దాకా వచ్చి, మధ్యాహ్నానికి తీశాయి. తలుపు మీద బురద గీత గీసినట్టుంది, లోపల కాళ్ల దగ్గర ఇంకా నీళ్లే. అది చూసి కూడా తాళం తిప్పాను. గరగరమంది. మళ్లీ తిప్పాను. లోపల ఠక్కుమని ఏదో విరిగిన చప్పుడు, అంతే.

ఎవరిదో బైకు అడిగి, చెట్లు అడ్డంపడ్డ చోట నడిచి ఊరు చేరాను. నానమ్మ అరుగు ముందు రాలిన బొండాలు ఏరి కుప్ప పోస్తోంది. నన్ను చూసి "అన్నం తిన్నావా" అంది.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉన్నాను. సర్వేయర్ ఎయిర్ ఫిల్టర్ విప్పితే బురదనీళ్లు కారాయి. "నీళ్లు తీశాక స్టార్ట్ చేశారా?" అన్నాడు. అవునన్నాను. సీట్లకి, వైరింగుకి ఇచ్చారు, ఇంజన్‌కి ఇవ్వలేదు. సిలిండర్లో నీళ్లుండగా తిప్పితే పిస్టన్‌కి వాటిని నొక్కడం కుదరదు, రాడ్ వంగిపోతుంది. అది తుపాను చేసిన నష్టం కాదు, తాళం తిప్పి చేసుకున్న నష్టం అన్నారు. లక్షా పదివేలు పోయాయి. అవి నీ కాలేజీ ఫీజుకి ఇస్తానన్న డబ్బులు. మీ నాన్న అప్పు తెచ్చి కట్టాడు. ఇవాళ్టికీ నన్నొక మాట అనలేదు.

అందుకే నీళ్లు చేరి ఇంజన్ పాడైతే ఇచ్చే ఇంజన్ ప్రొటెక్షన్ కూడా పాలసీలో రాయించు. నువ్వుండేది నాగావళి గట్టు పక్కన. భాగాలు పాతబడ్డాయని కోత పెట్టకుండా ఇచ్చే జీరో డెప్ కూడా ఇస్తారేమో అడుగు, అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. తాళాలకీ టైర్లకీ ఇచ్చేవి ఇప్పుడు వద్దు. నీ పేరు మీద 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది. ఆ మాట రాయడానికే చెయ్యి రావడం లేదు, కానీ ఖర్చని తీసేయించకు.

ఎన్ని రాయించినా సరే, నీళ్లలో నిలిచిన కారు తాళం తిప్పకు. టోయింగ్ బండిని పిలువు. డ్యూటీకి ఆలస్యమైనా, ఇక్కడ మాకేమైందోనని భయమేసినా తిప్పకు. ఆలస్యంగా వచ్చినా మేం ఇక్కడే ఉంటాం.

డబ్బు కట్టే ముందు ఆ ఇన్సూరెన్స్ కాగితం ఫొటో తీసి నాకు పంపు. కారు తెచ్చిన రోజు ముందు ఇటే రా. ముందు సీటు తనదేనని నానమ్మ ఇప్పటి నుంచే అంటోంది.

మీ పెదనాన్న