తోక తగిలించే ముందు
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

కారు వెనక తగిలించుకునే చిన్న సామాన్ల ట్రైలర్ గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాస్తే, ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఈ తోకతో నాది ఇరవై రెండేళ్ళ సావాసం. మూడు ట్రైలర్లు మార్చాను. ఒకదాన్ని చేజేతులా పాడు చేసుకున్నాను కూడా, ఆ సంగతి కింద వస్తుంది. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉన్న మాట ఒకటే: "చిన్నదే కదండీ!" అక్కడే నాకు టెన్షన్.

*ప్రశ్న: ఎరువు బస్తాలు, పైపులు మోసుకోవడానికి జీపు వెనక తగిలించేలా రెండు చక్రాల ట్రైలర్ ఒకటి వెల్డింగ్ షాపులో చేయిద్దామనుకుంటున్నాను. ఇంజిన్ లేనిదానికి రిజిస్ట్రేషన్ ఏమిటని మేస్త్రీ నవ్వుతున్నాడు. నిజమేనా? (ఒక రైతు, ఇండియా)*

వెల్డింగ్ విషయంలో మేస్త్రీ మాట వినండి. చట్టం విషయంలో వద్దు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28)లో మోటారు వాహనం అంటే ఏమిటో చెబుతూ, ట్రైలర్‌ను కూడా అందులో కలిపేశారు. కాబట్టి ఇంజిన్ లేకపోయినా అది చట్టం కళ్ళకు మోటారు వాహనమే. సెక్షన్ 61 ఇంకా తేటగా చెబుతుంది: మిగతా వాహనాల రిజిస్ట్రేషన్‌కు ఉన్న నియమాలే ట్రైలర్‌కూ వర్తిస్తాయి. ట్రైలర్ నంబరు దాని పక్కన కనిపించాలి. లాగే జీపు నంబరు ట్రైలర్ మీద కూడా ఉండాలి. రెండు మూడు ట్రైలర్లు వరసగా కడితే అన్నిటికన్నా వెనకున్న దాని మీద ఉండాలి. వెనక వచ్చేవాడికి జీపు నంబరు ప్లేటు కనబడదు కదా, అందుకు.

అసలు చిక్కు మేస్త్రీ చేతి పని దగ్గర వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు వెళితే ఫారం 21 అడుగుతారు, అంటే అమ్మకపు సర్టిఫికెట్. ఫారం 22 కూడా అడుగుతారు, అంటే ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని తయారీదారు ఇచ్చే కాగితం. మీ మేస్త్రీ ఈ రెండూ ఇవ్వగలడా? ఇవ్వలేడంటే ముచ్చటగా రంగు వేయించుకున్న ట్రైలర్ షెడ్డులోనే ఉండిపోతుంది. అనుమతి ఉన్న తయారీదారు దగ్గర కాస్త ఎక్కువ పెట్టి కొనుక్కోవడమే నయం. ఇన్సూరెన్స్ పాలసీలో ట్రైలర్‌ను విడిగా రాయించుకోవడం మరవకండి. బండికి పాలసీ ఉంది, ట్రైలర్ మాత్రం అందులో లేదు అని క్లెయిమ్ దగ్గర పేచీ పడటం కొత్తేమీ కాదు.

*ప్రశ్న: నేను బ్రిటన్‌లో 2009లో కారు లైసెన్స్ తీసుకున్నాను. ట్రైలర్‌కు వేరే పరీక్ష ఉంటుందని అప్పట్లో విన్నాను, ఇప్పుడు లేదంటున్నారు. నా కారు ఖాళీ బరువు 1,080 కిలోలు. బ్రేకులు లేని, సామానుతో కలిపి గరిష్ఠ బరువు 750 కిలోల ట్రైలర్ చూశాను. కొనవచ్చా?*

పరీక్ష తీసేసిన మాట నిజం. 1997 జనవరి 1 తర్వాత లైసెన్స్ తీసుకున్నవాళ్ళు పెద్ద ట్రైలర్ లాగాలంటే అదనంగా ఓ పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల దాకా లాగవచ్చు. అయినా మీరు అడిగిన 750 కిలోలకు ఆ పరీక్ష అప్పుడు కూడా అక్కర్లేదు. ఇన్నాళ్ళూ లేని భయం పెట్టుకున్నారు.

ఉన్న భయం వేరే ఉంది. బ్రేకులు లేని ట్రైలర్‌కు అక్కడ రెండు హద్దులు. ఒకటి 750 కిలోలు. రెండోది లాగే కారు ఖాళీ బరువులో సగం. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే లెక్క. మీ కారుకు సగమంటే 540. ఆ 540లోనే ట్రైలర్ సొంత బరువు కూడా ఉంది. అది ఓ 150 కిలోలు అనుకుంటే మీరు వేసుకోగలిగేది 390 కిలోల సామాను. ట్రైలర్ ప్లేటు మీద 750 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా మీకు పనికిరాదు. ఆ పైన కారు తయారీదారు పెట్టిన హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు, హ్యాండ్‌బుక్ తీసి చూడండి. డోరు దగ్గరో బానెట్ కిందో ఉండే వీఐఎన్ ప్లేటు మీద మొదటి అంకె కారు గరిష్ఠ బరువు, రెండోది కారూ ట్రైలరూ కలిపిన గరిష్ఠ బరువు. ఆ రెండో అంకె అసలు లేకపోతే ఆ కారుకు ఏ తోకా తగిలించకూడదని అర్థం.

ఈ 750 అనే అంకె బ్రిటన్ ఒక్కదానిదే కాదు. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో తేలిక ట్రైలర్ అంటే 750 కిలోలు మించనిది అని రాసుకున్నారు. ఆ గీత చుట్టూనే చాలా దేశాలు లైసెన్సులు, బ్రేకులు లెక్కగట్టాయి.

*ప్రశ్న: మాకు ఆస్ట్రేలియాలో ఆరు బై నాలుగు అడుగుల ట్రైలర్ ఉంది, బ్రేకుల్లేవు. గరిష్ఠ బరువు 750 కిలోలు అని ప్లేటు మీద ఉంది. పెరట్లోకి మట్టి తెచ్చుకుంటున్నాం. నిండా వేసినా అంచులు దాటదు. అంచు దాటకపోతే సరిపోతుంది కదా?*

అంచుకూ బరువుకూ ఏ సంబంధమూ లేదండి. లెక్క వేద్దాం. లోపల పొడవు 1.8 మీటర్లు, వెడల్పు 1.2, గోడల ఎత్తు 0.3 అనుకుంటే దాదాపు 0.65 ఘనపు మీటర్లు. తడి మట్టి ఘనపు మీటరు ఒకటిన్నర టన్నుల దాకా తూగుతుంది. అంటే అంచుల దాకా నింపితే మట్టే 970 కిలోలు! ట్రైలర్ బరువు 200 అనుకున్నా మీకు మిగిలింది 550. గోడల్లో సగం దాటి ఓ వేలి మందం, అక్కడ పార ఆపేయాలి. అదే ఎండిన ఆకులూ చెక్క పొట్టూ అయితే నిండుగా వేసినా భయం లేదు. నా పాత ట్రైలర్ లోపలి గోడ మీద పెయింటుతో రెండు గీతలు గీసుకున్నాను: "తడి మట్టి", "కంకర". చూసి నవ్వినవాళ్ళే తర్వాత ఆ ట్రైలర్ అరువు తీసుకెళ్ళారు.

ఆస్ట్రేలియాలో కారుకు తగిలించి ఉండగా ట్రైలర్ చక్రాల మీద పడే గరిష్ఠ బరువు 750 కిలోలు దాటితే బ్రేకులు ఉండి తీరాలి. 2,000 దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు, పైగా ట్రైలర్ విడిపోతే తనంతట తానే బ్రేకు పడే ఏర్పాటు కూడా ఉండాలి. మీలా 750 ప్లేటున్న ట్రైలర్‌లో 1,170 కిలోలు లాగుతుంటే, ఎవరూ ఆపకపోయినా, వానలో ఎవరైనా అడ్డం వచ్చినప్పుడు కారు బ్రేకు ఒక్కటే ఆ బరువంతా ఆపాలి.

*ప్రశ్న: అమెరికాలో మేము ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఇల్లు మారాం. వాషింగ్ మెషీన్ ట్రైలర్ వెనక తలుపు దగ్గర పెట్టారు మావారు, దించడం తేలిక అని. ఫ్రీవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. గాలి వల్ల అంటున్నారు ఆయన. వేగం పెంచితే ఊపు పోతుందని ఆయనకు ఎవరో చెప్పారట.*

గాలి కాదమ్మా, వాషింగ్ మెషీన్. ఎడ్లబండి తోలినవాళ్ళకు తెలుసు, బరువు వెనక్కి మొగ్గితే నొగలు పైకి లేస్తాయి. ఇక్కడ నొగలు లేవకుండా కారు పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ లోపం కంటికి కనబడదు, వేగం పెరిగాక ఊపులో బయటపడుతుంది. బరువులో అరవై శాతం దాకా ఇరుసుకు ముందు ఉండాలి. ట్రైలర్ ముక్కు కారు మీద మోపే బరువు మొత్తంలో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ఉండాలన్నది అమెరికాలో అందరూ పాటించే లెక్క. 400 కిలోల ట్రైలర్‌కు 40 నుంచి 60. చిన్న ట్రైలర్ అయితే ఇంట్లో బరువు చూసుకునే తూకం మీద, కారు హిచ్ (ట్రైలర్ తగిలించే చోటు) అంత ఎత్తున ఒక గట్టి చెక్క నిలబెట్టి, ముక్కు దాని మీద ఆనించండి. అంకె తెలిసిపోతుంది.

మళ్ళీ ఊగితే కంగారులో బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగుతో సరిచేయబోవద్దు. స్టీరింగు నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. వేగం తగ్గాక ఊపు దానంతట అదే చల్లబడుతుంది. వేగంతో దాటేస్తే ఊపు పోతుందని ఎవరో చెప్పారట మీవారికి. ఆ ఎవరో మీ కారులో కూర్చోవడం లేదు.

ట్రైలర్ ఉంటే కారు వేగ పరిమితి వేరని చాలామందికి తెలియదు. కాలిఫోర్నియాలో ఏ బండి ట్రైలర్ లాగినా గంటకు 55 మైళ్ళు మించకూడదు, పక్క బోర్డు మీద 65 అని ఉన్నా సరే. బ్రిటన్‌లో మోటార్‌వే మీద 60 మైళ్ళు, మామూలు రోడ్డు మీద 50. జర్మనీలో 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి తీసుకుంటే 100. ఇంకోటి, అమెరికాలో బ్రేకులు ఏ బరువు నుంచి తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్ల దగ్గర గీత ఉంది. ఇల్లు మారినవాళ్ళు కొత్త రాష్ట్రం రూలు చూసుకోవాలి.

*ప్రశ్న: కప్లర్ (కారు వెనక ఉండే ఇనుప బంతిని పట్టుకునే ట్రైలర్ ముక్కు చివర) లాక్ అయ్యాక మళ్ళీ కారుకూ ట్రైలర్‌కూ మధ్య గొలుసులు ఎందుకు? పైగా వాటిని ఇంటూ గుర్తులా వేయమంటారు. ఇది చాదస్తం కాదా?*

ఇక నా సంగతి. ట్రైలర్ కొన్న మూడో ఏడు, పక్కింటాయన కారుకు నా ట్రైలర్ తగిలించాను. నా కప్లర్ 2 అంగుళాలది. ఆయన కారు బంతి 1.875 అంగుళాలది. చూడటానికి రెండూ ఒకటే. లివర్ కూడా టక్కున పడింది. రెండు మైళ్ళు పోయాక స్పీడ్ బ్రేకర్ మీద వెనక దబ్బుమని శబ్దం, ఆ వెంటనే రాయి మీద గునపం ఈడ్చినట్టు ఓ మోత. అద్దంలో చూస్తే నిప్పురవ్వలు. కప్లర్ బంతి మీంచి ఎగిరిపోయింది. గొలుసులు వేశాను కానీ తిన్నగా వేశాను, ఇంటూలా కాదు. ట్రైలర్ రోడ్డు పక్కకు పోకుండా అవి ఆపాయి. ముక్కు మాత్రం కిందపడి తారు మీద ఇరవై గజాల గాడి చేసింది. కప్లర్ పెదవి వంకరపోయి, ఆ ట్రైలర్ మళ్ళీ రోడ్డెక్కలేదు.

గొలుసులు ఇంటూలా వేస్తే ముక్కు కింద ఉయ్యాలలా ఏర్పడి, విడిపోయినా దాన్ని నేలకు తగలనీయవు. వియన్నా ఒప్పందంలోనూ ఇదే ఉంది: తనంతట పడే బ్రేకు లేని ట్రైలర్‌కు గొలుసో తీగో ఉండాలి, కప్లింగ్ విరిగితే అది ముక్కును నేలకు తగలనీయకూడదు, కొంతైనా వెంట నడిపించాలి. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉంచండి, రోడ్డును రాసుకునేంత వద్దు.

ఆ రోజు నుంచి నేను బంతి పైన చెక్కిన కొలత, కప్లర్ మీద ముద్రించిన కొలత చదవకుండా బండి కదిలించను. లివర్ పడ్డాక జాక్‌తో ముక్కును పైకి లేపుతాను. కారు వెనక భాగం దాంతో పాటు లేస్తే పట్టు ఉన్నట్టు. కారు కదలకుండా ముక్కు ఒక్కటే లేస్తే పట్టు లేనట్టు.

*ప్రశ్న: పండక్కి పిల్లలు ట్రైలర్‌లో గడ్డి మీద కూర్చుంటామంటున్నారు. ఊరి లోపలే, నెమ్మదిగా.*

వద్దు.

*ప్రశ్న: ట్రైలర్ ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ మసగ్గా మినుకుతున్నాయి. బల్బులు మార్చినా అంతే. పోలీసులు ఆపితే ఫైన్ వేస్తారా?*

వేస్తారు. వెనక బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు దీపం వెలగకపోతే దాదాపు ఏ దేశంలోనైనా అది తప్పే. నంబరు ప్లేటు పద్ధతి మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది: బ్రిటన్‌లో చిన్న ట్రైలర్ మీద లాగే కారు నంబరే పెట్టాలి, ఆస్ట్రేలియాలో ట్రైలర్‌కు సొంత నంబరు ఉంటుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు త్రికోణంలో ఉండాలని వియన్నా ఒప్పందం చెబుతుంది. గుండ్రటివి పెడితే చీకట్లో వెనకవాడు కారనుకుంటాడు. సామాను వెనక బయటికి పొడుచుకొస్తే ఎర్ర గుడ్డ కట్టాలి. అమెరికాలో ఫెడరల్ రూలు వర్తించే బండ్లకు నాలుగు అడుగులు దాటితే తప్పనిసరి.

మీ మినుకు జబ్బు బల్బులది కాదు, ఎర్త్ వైరుది. ప్లగ్గు దగ్గర్నుంచి తెల్ల తీగ వెంట వెతుక్కుంటూ పోతే అది ఫ్రేమ్‌కు బిగించిన స్క్రూ దగ్గర తుప్పు కనబడుతుంది. స్క్రూ విప్పి, ఇసుక కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించండి. తర్వాత రాత్రిపూట బండిని గోడకు వెనక్కి పెట్టి, ఇండికేటర్ వేసి, బ్రేకు తొక్కి చూడండి. గోడ మీద ఎరుపు నిలకడగా ఉండి, ఎడమ వైపు ఒక్కటే మినుకుతుంటే పని అయిపోయినట్టే.